చిత్రకారుడు వడ్డాది పాపయ్య

శ్రీకాకుళము జిల్లాలో మదరాసు, కలకత్తా నగరములను కలుపు రైలుమార్గమున కోటబొమ్మాళి యను ఊరు కలదు. అచ్చట ఏటేట కొత్తమ్మతల్లి జాతర జరుగును. చుట్టుపట్ల పల్లెలనుండి జనులు తండోపతండములుగా వచ్చి అమ్మవారికి మ్రొక్కులు చెల్లింతురు. ఇట్టి జాతరలలో గాజుల దుకాణముల నడుమ, మిఠాయి అంగళ్ల నడుమ దేవుని పటములు అమ్మువాడొకడు తప్పక కనిపించును. లక్ష్మి, సరస్వతి, సీతారాములు, గోపాలకృష్ణుడు అద్దముల వెనుకనుండి మెరయుచుందురు. పంట చేతికి వచ్చిన రైతు ఒక పటము కొని, కండువాలో చుట్టుకొని, ఇంటికి గొనిపోయి గోడకు తగిలించెడివాడు. పెక్కు పల్లెటిండ్లలో అడుగిడిన మొదటి చిత్రము అదియే.

రెండవ చిత్రము వేరొక త్రోవను వచ్చెడిది. నెలకొక పర్యాయము టపా సంచిలో 'చందమామ' పత్రిక వచ్చెడిది. ఇంటింటికిని వచ్చునది కాదు. ఊరిలో ఏ బడిపంతులు గారో, ఏ స్టేషను మాస్టరు గారో తెప్పించెడివారు. ఆ ఒక్క ప్రతి ఇల్లిల్లు తిరిగి, అంచులు నలిగి, నెల ముగియునప్పటికి మెత్తబడిపోయెడిది. పిల్లలు కథలు చదువుటకు ముందే అట్టమీది బొమ్మను కన్నులారా చూచెడివారు. ఆ బొమ్మ యొక్క ఒక మూలను 'వ.పా.' అను రెండు అక్షరములు ఉండెడివి. ఆ అక్షరములు ఎవరివో చూచిన వారిలో చాలమందికి తెలియదు. ఆ చిత్రకారుడు తమ సీమలోనే పుట్టినవాడని శ్రీకాకుళపు పిల్లలలోనే ఎందరో ఎరుగరు.

ఆయన వడ్డాది పాపయ్య. 1921వ సంవత్సరము సెప్టెంబరు 10వ తేదీన శ్రీకాకుళములో జన్మించెను. తండ్రి రామమూర్తి, తల్లి మహాలక్ష్మి. ఆనాడు శ్రీకాకుళము మదరాసు రాజధానిలోని గంజాము జిల్లాకు చెందియుండెను. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినపుడు తెలుగు ప్రాంతము విశాఖపట్టణము జిల్లాలో చేరినది. 1950లో శ్రీకాకుళము ప్రత్యేకముగా ఒక జిల్లా అయినది.

శ్రీకాకుళము నాగావళి యొడ్డున ఉన్నది. పట్టణమునకు చేరువనే అరసవల్లిలో సూర్యనారాయణస్వామి ఆలయము కలదు. మరికొంత దూరమున శ్రీకూర్మములో దేవాలయపు మండపము గోడలపై రంగులతో వ్రాసిన పురాణ చిత్రములు కలవు. వంశధార తీరమున ముఖలింగములో కళింగ శిల్పులు చెక్కిన విగ్రహములను చూచి పండితులు నేటికిని ఆశ్చర్యపడుదురు. కావున రూపము దిద్దు విద్య ఈ సీమకు క్రొత్తది కాదు. కాని పాపయ్య పుట్టిన కాలమునకు రాజుల ఆదరణ సన్నగిల్లినది. కొత్త విధానమున చిత్రకళ నేర్పు పేరొందిన ప్రభుత్వ విద్యాలయములు మదరాసు, కలకత్తా, బొంబాయి వంటి మహానగరములలో నుండెను. అంత దూరము పోయి చదువుట సామాన్య కుటుంబములోని బాలునకు సులభము కాదు.

పాపయ్యకు ఆ లోటు కొంత తీరుటకు తండ్రియే కారణము. రామమూర్తి డ్రాయింగు ఉపాధ్యాయుడు. ఇంటిలో కాగితము, పెన్సిలు, కుంచె, రంగు బిళ్లలు చేతికందునంత దూరములో నుండెడివి. ఇతర పిల్లలు ఆటవస్తువులను చూచినట్లు ఆ బాలుడు వానిని చూచెను. తండ్రియే ఆయనకు తొలి గురువు. ఆపై పాపయ్య ఏ చిత్రకళాశాలలోను పట్టము పుచ్చుకొనలేదు.

ఆయన మనస్సును బాల్యముననే ఆకర్షించిన మరియొక చిత్రకారుడు కలడు. అతడు రాజా రవివర్మ. రవివర్మ తిరువాన్కూరు సంస్థానములోని కిళిమానూరులో 1848లో పుట్టి, 1906లో మరణించెను. పాశ్చాత్యుల తైలవర్ణ విధానమును నేర్చి, మన పురాణ కథలను ఆ విధానమున చిత్రించెను. అతడు చేసిన మరియొక పని దేశమునంతటిని మార్చినది. 1894లో బొంబాయిలో ఒక ముద్రణాలయమును స్థాపించి తన చిత్రములను రాతి అచ్చున వేయించెను. ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క రాతిపలకను సిద్ధపరచి, ఒకదానిపై నొకటిగా అచ్చొత్తుట ఆ పద్ధతి. అంతకు పూర్వము గుడి గోడపైననో, రాజుగారి కొలువుకూటముననో తప్ప కానరాని దేవతామూర్తులు అటుపిమ్మట బీదవాని పూరింటిలోనికి వచ్చిరి. జాతరలో అమ్ముడుపోవు పటములు ఆ మార్పువలన పుట్టినవే.

రవివర్మ వ్రాసిన కోదండరాముని చిత్రము చిన్ననాటి పాపయ్యను మిక్కిలి ముగ్ధుని చేసినదట. అయిదేండ్ల ప్రాయముననే ఆయన ఆంజనేయుని బొమ్మ గీసెనని చెప్పుకొందురు. రవివర్మ చిత్రమును నిజముగా తైలవర్ణములలో చూచుటకు శ్రీకాకుళపు బాలునకు అవకాశమెక్కడిది? ఆయన చూచినది అచ్చుబొమ్మనే. మూలచిత్రము ఏ సంస్థానములోనో ఉండగా, దాని అచ్చుప్రతి నాగావళి యొడ్డున ఒక బాలుని చిత్రకారునిగా చేసినది. ఈ సంగతి ఆయన తరువాతి జీవితమునకు సూచన వంటిది.

ఆ కాలమున ఆంధ్రదేశములో చిత్రకళకు ఒక క్రొత్త మేలుకొలుపు కలుగుచుండెను. రాజమహేంద్రవరమున 1897లో పుట్టిన దామెర్ల రామారావు బొంబాయిలోని జె.జె. కళాశాలలో చదివి, స్వస్థలమునకు తిరిగివచ్చి, యువకులకు చిత్రకళ నేర్పనారంభించెను. ఆయన 1925లో మశూచికము సోకి ఇరువదియెనిమిదేండ్లైన నిండకమునుపే మరణించెను. అప్పటికి పాపయ్య నాలుగేండ్లు నిండని శిశువు. బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చట్టోపాధ్యాయుడు వంగదేశపు పద్ధతిని బోధించెను. అడివి బాపిరాజు వంటివారు ఆ నీడన పెరిగిరి. ఈ చిత్రకారులకు గురువులు కలరు, సహాధ్యాయులు కలరు, ప్రదర్శనశాలలు కలవు. వారి చిత్రములను గూర్చి వ్రాయు విమర్శకులును కలరు. శ్రీకాకుళపు పాపయ్యకు తండ్రి నేర్పిన పాఠమును, తన కన్నులును తప్ప వేరు ఆధారము లేదు.

ఆయన కూడ తండ్రి వలెనే డ్రాయింగు మాస్టరు అయ్యెను. అనకాపల్లి చెంతనున్న కశింకోటలో ఉపాధ్యాయుడుగా పనిచేసెను. అనకాపల్లి బెల్లమునకు ప్రసిద్ధి కెక్కిన ఊరు. చుట్టును చెరకుతోటలు, వరిచేలు, కొంచెము దూరమున కొండలు కలవు. ఆ సీమలోని స్త్రీలు తలపై కుండలు పెట్టుకొని నడచు తీరు, చేలగట్లపై తాటిచెట్ల వరుస, వర్షము వచ్చుటకు ముందు కొండలపై దిగు నీలిమబ్బు ఆయనకు దినదినము కనబడు దృశ్యములు.

పాఠశాలలో డ్రాయింగు మాస్టరు స్థితి ఎట్టిదో విద్యార్థులెల్లరు ఎరుగుదురు. లెక్కల పంతులు గారికి భయపడుదురు. ఇంగ్లీషు పంతులు గారిని గౌరవింతురు. డ్రాయింగు తరగతిని విశ్రాంతి వేళగా తలంతురు. పెద్ద పరీక్షలో మార్కులు లేని విద్యకు ఇంటివద్ద పెద్దలు కూడ విలువ నీయరు. అయినను ఆ తరగతిలో జరుగు పని చిన్నది కాదు. ఒక కుండను బల్లపై నుంచి, దానిమీద వెలుతురు ఏ ప్రక్కనుండి పడుచున్నదో, నీడ ఎచ్చట మొదలగుచున్నదో గమనింపుమని డ్రాయింగు మాస్టరు చెప్పును. కన్నులున్నను చూడని దానిని చూడ నేర్పును. పాపయ్య బ్రతుకుతెరువు ఈ ఉద్యోగము. ఆయన తపస్సు మాత్రము బడి విడిచిన తరువాత, దీపము వెలుగున, కాగితము ముందర జరిగినది.

క్రమముగా ఆయన చిత్రములు తెలుగు పత్రికలలో కనిపింపసాగెను. ఆంధ్రప్రభ, యువ, స్వాతి మొదలగు పత్రికలు వేర్వేరు కాలములలో ఆయన బొమ్మలను ప్రకటించెను. కాని ఆయన పేరును తెలుగునాటి హద్దులు దాటించినది చందమామ.

చందమామ పత్రికను బి. నాగిరెడ్డి, చక్రపాణి గారలు 1947 జూలై నెలలో మదరాసునుండి ప్రారంభించిరి. భారతదేశమునకు స్వాతంత్ర్యము వచ్చుటకు అప్పటికి ఒక్క నెల వ్యవధి ఉండెను. తెలుగు, తమిళ భాషలలో మొదలైన ఆ పత్రిక కాలక్రమమున పెక్కు భాషలలో వెలువడినది. కొడవటిగంటి కుటుంబరావు 1952 మొదలు 1980లో తన మరణము వరకు దాని సంపాదకత్వ భారమును మోసెను. చిత్రా, శంకర్ అను చిత్రకారులు లోపలి కథలకు బొమ్మలు వేసిరి. ఎం.టి.వి. ఆచార్య మహాభారత గాథలను అట్టమీద రంగులలో చిత్రించి పాఠకులను మెప్పించెను. ఆచార్య పత్రికను విడిచిన పిమ్మట ముఖచిత్రముల భారము వడ్డాది పాపయ్యపై పడినది. ఆ భారమును ఆయన ఏండ్ల తరబడి వహించెను.

ముఖచిత్రము వ్రాయుట ఎంత కష్టమో తెలియవలెనన్న, ఆ బొమ్మ అచ్చగు విధమును తెలిసికొనవలెను. చిత్రకారుడు నీటిరంగులతో ఒక చిత్రము వ్రాసి పంపెడివాడు. ముద్రణాలయమున దానిని రంగుటద్దముల గుండ నాలుగు మారులు ఫోటో తీసెడివారు. పసుపుపచ్చ, ఎరుపు, నీలము, నలుపు అను నాలుగు రంగులకు నాలుగు బ్లాకులు తయారయ్యెడివి. ఒక్కొక్క బ్లాకుపై చిత్రము సన్నని చుక్కలుగా విడిపోయి యుండెడిది. ఒకే కాగితముపై ఆ నాలుగు బ్లాకులను ఒకదాని తరువాత నొకటి అచ్చువేసెడివారు. పసుపుచుక్కల ప్రక్కన నీలిచుక్కలు పడినచోట మన కంటికి ఆకుపచ్చ తోచును. ఒక బ్లాకు వెండ్రుకవాసి జరిగినను ముఖము మసకబారును, పెదవి రంగు చెక్కిలిపైకి ప్రాకును. కాగితము మందమైన నునుపు కాగితము కాకున్నచో రంగు ఇంకిపోవును. చిత్రకారుడు మనస్సులో తలచిన రంగు ఇన్ని గండములు దాటి పాఠకుని చేరవలెను.

పాపయ్య ఈ కష్టమును ఎరిగి చిత్రములు వ్రాసినట్లు ఆయన ముఖచిత్రములే చెప్పును. వానిలో ప్రధాన వ్యక్తి ఎవరో దూరమునుండి చూచినను తెలియును. వెనుకటి దృశ్యము ముందున్న రూపమును మ్రింగదు. పత్రిక పేరు అచ్చువేయుటకు పైన చోటు విడువవలెను. ఆ చోటును ఆయన ఆకాశముగనో, చెట్ల కొమ్మలుగనో, మంచుతెరగనో మార్చి చిత్రములో కలిపివేయును. చందమామ పుట చిన్నది. ఆ చిన్న పుటలో రామాయణమునుండియో, భాగవతమునుండియో, దేవీభాగవతమునుండియో ఒక ఘట్టమును ఇమిడ్చి, కథ తెలియని పిల్లవానికి కూడ తరువాత ఏమగునో యను ఆతురతను కలిగింపవలెను. ఆ పని ప్రతి నెలయు గడువు తప్పక చేయవలెను.

నీటిరంగుల విద్యలో మరియొక కష్టమున్నది. తైలవర్ణములో తప్పు జరిగినచో దానిపై మరల రంగు పూసి దిద్దుకొనవచ్చును. నీటిరంగు కాగితములో ఇంకిపోవును. చిత్రములోని వెలుగు రంగునుండి కాక కాగితపు తెల్లదనమునుండి పుట్టును. కావున ఎచ్చట రంగు వేయవలెనో తెలియుటతో పాటు, ఎచ్చట వేయక విడువవలెనో ముందుగనే తెలిసియుండవలెను. తడి ఆరకమునుపే పని ముగింపవలెను. ఏండ్ల తరబడి సాధన చేసిన చేయి మాత్రమే అందుకు సాహసించును.

పాపయ్య చిత్రములలో రంగులు ఒకదానిలో నొకటి మెల్లగా కరగిపోవును. పసుపు లేత ఆకుపచ్చగా, ఆకుపచ్చ నీలముగా మారుచోట గీత కనబడదు. రూపములను చుట్టిన రేఖ మాత్రము సన్నగా, తెంపు లేక, తీగవలె సాగును. ఆయన స్త్రీమూర్తులు విశాల నేత్రములతో, పొడుగైన జడలతో, నిండుగా నగలు ధరించి యుందురు. వారి చీర మడతలు శరీరపు కదలికను అనుసరించును. రవివర్మ స్త్రీలు రంగస్థలముపై నిలిచిన నటీమణులవలె స్థిరముగా నుండగా, పాపయ్య స్త్రీలు ఏదో పాట వినుచు నడచుచున్నట్లు తోతురు. రవివర్మ నుండి కథ చెప్పు నేర్పును గ్రహించి, ఆ తైలవర్ణపు బరువును విడిచి, రేఖా సౌకుమార్యమును తన మార్గముగా ఎంచుకొనుటయే ఆయన ప్రత్యేకత.

పురాణములతో ఆయన కుంచె తృప్తిపడలేదు. ఋతువులను స్త్రీరూపములుగా చిత్రించెను. చెవితో వినవలసిన రాగములను కంటికి కట్టునట్లు రూపములుగా దిద్దెను. ఇట్టి రాగమాలికా చిత్రములు పూర్వము రాజస్థానమునను, దక్కనునను కొలువులలో వ్రాయబడెడివి. వానిని చూడగలిగినవారు రాజులును, వారి అతిథులును మాత్రమే. పాపయ్య వ్రాసిన రాగములను పత్రిక కొన్న ప్రతి గృహస్థుడును చూచెను. సంక్రాంతి ముగ్గులు, నీళ్లబిందెలతో నడచు పడుచులు, పొలము పనులు కూడ ఆయనకు పురాణగాథల వలెనే పూజ్యములయ్యెను. దేవకన్యను వ్రాసిన శ్రద్ధతోనే పల్లెపడుచును వ్రాసెను.

ఇంతటి కీర్తి కలిగినను పాపయ్య స్వభావము మారలేదు. సభలు, సన్మానములు, పొగడ్తలు ఆయనకు గిట్టవు. పదిమంది నడుమ కూర్చుండుటకంటె కాగితము ముందర ఒంటరిగా కూర్చుండుటయే ఆయనకు ప్రీతి. లక్షలాది పాఠకులు ఆయన బొమ్మలను ఎరుగుదురు. ఆయన ముఖమును ఎరిగినవారు కొద్దిమందియే. కళాకారుడు నగరమున నుండి, గొప్పవారి పరిచయము సంపాదించి, ప్రదర్శనలు ఏర్పరచుకొన్ననే గుర్తింపు వచ్చు కాలమది. ఆయన కశింకోటను తన ఊరుగా చేసికొనెను.

ఆ నిర్ణయమునకు ఆయన మూల్యము చెల్లింపక పోలేదు. పండితులు చిత్రకళా చరిత్ర వ్రాయునపుడు ప్రదర్శనశాలల పట్టికలను, బహుమానముల జాబితాలను, విమర్శకుల వ్యాసములను ఆధారముగా గైకొందురు. పత్రిక అట్టమీది బొమ్మ అట్టి పట్టికలకు ఎక్కదు. దానిని పత్రికకు అలంకారముగా మాత్రమే ఎంచి ప్రక్కకు నెట్టుట పరిపాటి. అందువలన లక్షల ఇండ్లలో నిలిచిన చిత్రకారుడు చరిత్ర గ్రంథములలో రెండు మూడు పంక్తులకు నోచుకొనుట కూడ అరుదయ్యెను.

ఈ విషయమును గ్రహించుటకు దూరదేశపు ఉదాహరణ మొకటి ఉపకరించును. ఐరోపా ఖండమున ఉత్తరపు కొసను ఫిన్లాండు అను చిన్న దేశము కలదు. 1917లో స్వతంత్రమగువరకు అది రష్యా చక్రవర్తి పాలనలో నుండెను. ఆ దేశపు పల్లెలలో వృద్ధులు పాడు ప్రాచీన గాథలను ఎలియాస్ లోన్రోట్ అను వైద్యుడు ఊరూర తిరిగి సేకరించి, 1835లో 'కలేవాలా' అను కావ్యముగా ప్రకటించెను. ఆక్సెలి గాల్లెన్-కాల్లెలా అను చిత్రకారుడు పారిసు నగరమున చిత్రకళ అభ్యసించి, తిరిగివచ్చి, ఆ కావ్యములోని ఘట్టములను చిత్రించెను. చనిపోయిన కుమారుని దేహమును నదినుండి వెలికి తీసి, వానికి ప్రాణము పోయుటకై దైవమును వేడు తల్లిని ఆయన 1897లో వ్రాసెను. ఆ చిత్రము హెల్సింకి నగరములోని జాతీయ చిత్రశాలలో ఉన్నది. 1900లో పారిసులో జరిగిన ప్రపంచ ప్రదర్శనమున ఫిన్లాండు మందిరపు కప్పును ఆయన చిత్రములు అలంకరించెను. అవి చూచి లోకము ఫిన్లాండు ప్రజలకు తమదైన సంస్కృతి కలదని గుర్తించినది. నేడు ఆ దేశపు కళాచరిత్ర వ్రాయువాడెవడును ఆయన పేరు విడువజాలడు.

గాల్లెన్-కాల్లెలా చేసిన పనికిని, పాపయ్య చేసిన పనికిని పోలిక కలదు. ఇరువురును తమ ప్రజలు తరతరములుగా చెప్పుకొనుచు వచ్చిన గాథలకు రూపము నిచ్చిరి. భేదమెచ్చట ననగా, మొదటివానికి దేశము ఒక చిత్రశాలను, ఒక ప్రదర్శన మందిరమును చూపినది. రెండవవానికి నెలనెల చిన్న వెలకు అమ్ముడుపోవు పత్రిక అట్ట లభించినది. చిత్రశాలలోని చిత్రమును చూడ దలచినవాడు దాని వద్దకు పోవలెను. అట్టమీది బొమ్మ తానే చూచువాని యింటికి వచ్చును.

పాపయ్య చిత్రములపై ఆక్షేపణలు లేకపోలేదు. ఆయన స్త్రీలందరును అందగత్తెలే యనియు, దారిద్ర్యము, వార్ధక్యము, దుఃఖము ఆ లోకములో అంతగా కానరావనియు కొందరందురు. పత్రిక కోరిన విషయమును చిత్రించువాడు స్వతంత్ర కళాకారుడు కాడని మరికొందరి మతము. మొదటి మాటలో కొంత సత్యమున్నది. ఆయన లోకమును ఉన్నదున్నట్లు చూపుటకు కుంచె పట్టలేదు. కథ విన్న పిల్లవాని మనస్సులో మెదలు లోకమును చూపెను. రెండవ మాటకు చరిత్రయే సమాధానము చెప్పును. అజంతా గుహలలో చిత్రించినవారు బౌద్ధ భిక్షువుల కొరకు, దాతల కోరికపై చిత్రించిరి. శ్రీకూర్మపు గోడలపై వ్రాసినవారు ఆలయము కొరకు వ్రాసిరి. ఒకరు కోరిరను కారణమున ఆ చిత్రముల విలువ తగ్గలేదు. కోరిన విషయమునకు మించి చిత్రకారుడు తన వంతుగా ఏమిచ్చెనో చూచి విలువ కట్టవలెను. పాపయ్య ఇచ్చినది ఒక వర్ణలోకము. సంతకము చెరిపివేసినను అది ఎవరిదో పాఠకులు గుర్తింపగలరు.

వడ్డాది పాపయ్య 1992వ సంవత్సరము డిసెంబరు 30వ తేదీన పరమపదించెను. అప్పటికి ఆయన వయస్సు డెబ్బదియొక సంవత్సరములు. ఆయనకు చిరకాలము ఆశ్రయమైన చందమామ కూడ ఇరువది యేండ్ల తరువాత, 2013 నాటికి, నిలిచిపోయినది. కాని పాత చందమామలను చించివేయక పెట్టెలలో దాచుకొన్నవారు ఊరూర కలరు. అట్టలను మాత్రము కత్తిరించి పుస్తకముగా కుట్టుకొన్నవారు కలరు. చిన్ననాడు ఆ బొమ్మలు చూచి పెరిగిన వారు నేడు తాతలై వానిని మనుమలకు చూపుచున్నారు. ఏ ప్రభుత్వము ఆజ్ఞాపింపకయే, ఏ చిత్రశాల తలుపులు తెరువకయే, పాఠకులు తమంత తామే ఆయన చిత్రములను భద్రపరచిరి.

ఆ బొమ్మలను చూచి చిత్రకళ నారంభించిన పిల్లలెందరో లెక్కింప సాధ్యము కాదు. పలుచని కాగితమును చందమామ అట్టపై పరచి, పెన్సిలుతో గీతలను అనుసరించుట ఆంధ్రదేశమున ఆనాటి పిల్లలకు ఎరుకైన ఆట. నూనె పూసి కాగితమును పారదర్శకముగా చేసికొను ఉపాయము కూడ వారికి తెలియును. రవివర్మ అచ్చుబొమ్మ శ్రీకాకుళములో పాపయ్యకు చేసిన ఉపకారమునే, పాపయ్య అచ్చుబొమ్మ వేరు వేరు ఊళ్లలోని వేరు వేరు పిల్లలకు చేసినది. వారిలో అందరును చిత్రకారులు కాలేదు. అయినను మబ్బు పట్టిన కొండను, చీర మడతపై పడిన వెలుగును నిలిచి చూచు అలవాటు వారికి అబ్బినది. కశింకోట బడిలో డ్రాయింగు మాస్టరు ఒక్క తరగతి పిల్లలకు నేర్పిన పాఠము ఈ విధముగా దేశమందలి పిల్లలకు చేరినది.

కోటబొమ్మాళి జాతరలో పటము కొన్న రైతు దానిని వ్రాసినదెవరని ఎన్నడును అడిగియుండడు. అది అతని తప్పు కాదు. అడుగవలెనని ఎవరును అతనికి చెప్పలేదు. చదువుకొన్నవారు అట్లుండరాదు. పద్యము చదివినపుడు కవి పేరు తెలిసికొందుము. పాట విన్నపుడు గాయకుని పేరు అడుగుదుము. చిత్రము చూచినపుడు కూడ దాని మూలనున్న రెండు అక్షరములను చదువుట, ఆ అక్షరముల వెనుకనున్న మనుష్యుని తెలిసికొనుట మన విధి. నాగావళి యొడ్డున పుట్టి, కశింకోటలో పిల్లలకు గీతలు నేర్పుచు, భారతదేశపు బాలబాలికల మనస్సులకు రంగులు దిద్దిన వడ్డాది పాపయ్యకు మనము చెల్లింపగల ఋణము అదియే.